కొమ్ము మెరుగు

పర్లాకిమిడిలో నా పని కొమ్ముకి మెరుగు పెట్టడం.
గేదె కొమ్ము సెగకి మెత్తబడి
నా చేతుల్లో కొంగ మెడలా వంగుతుంది.
ఆకురాయి, ఉప్పుకాగితం, బొగ్గుపొడి,
చివర్న కొబ్బరినూనె చుక్కేసిన పాత పంచె ముక్క.
కొన్నవాళ్ళు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి
అందులో ముఖం చూసుకుంటారు.
నా నోట్లో మాత్రం
మెరుగు పట్టే సరుకు పుట్టుకతోనే లేదు.

నలభై మూడేళ్ళు.
చల్లగాలి పీలిస్తే జివ్వుమని నరం లేచేది.
నవ్వొస్తే నాకన్నా ముందు తువ్వాలు లేచేది.
మహేంద్రతనయ నీళ్ళన్నారు, గుండి నమిలాడన్నారు.
"తోముకోడానికి బద్ధకమా" అని
పెళ్ళిచూపుల్లో ఒక పెద్దమనిషి.
ఆ పొద్దు వేపపుల్ల రెండుసార్లు నమిలి వెళ్ళాను.

గుణుపూర్ బండెక్కి, నౌపడలో దిగి,
ఇంకో రైల్లో బరంపురం.
అక్కడ డాక్టరు ఒకరు కాదు.
వేర్లు చూసే ఆమె, వరుస సర్దే అతను,
చిగుళ్ళు కోసే ఇంకొకాయన,
తొడుగులు వేసే స్నిగ్ధ మేడం,
గోడవారగా, నోరు మెదపకుండా,
అచ్చులు పోసే కైబల్య బెహరా.
నా కింది దవడ మీద ఒడియాలో వాదించుకున్నారు,
గట్టు తగాదాలాగ.
ముందు చిగురు తగ్గించాలని ఒకరు,
ముందు కాటు ఎత్తు పెంచాలని ఒకరు.
"ముందు నొప్పి తగ్గించండి" అన్నాను, ఒడియాలోనే.
ఐదుగురూ ఆగారు.
ముందు నొప్పే తగ్గించారు.

ఒకరోజు మేడం కాగితం మీద
మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు గీసి
ఇలాంటి పళ్ళున్న వాళ్ళని పెన్నుతో నింపమంది.
తాతని నింపాను. నాన్నని నింపాను.
కాశీనగరం దాలమ్మత్త దగ్గర చెయ్యి ఆగింది.
పాచిపళ్ళ పిల్లని పేరు పడి
ఇరవై దాటకుండానే అన్నీ పీకించుకుని
బోసినోటితో మొదటిసారి
గట్టిగా నవ్విన మనిషి.
"ఇది మురికి కాదు, వారసత్వం" అంది మేడం.
మాకు పొలం లేదు. ఇల్లు అద్దెది.
ఆ మాట మా గురించి ఎవరైనా వాడటం
అదే మొదలు.

పద్నాలుగు నెలలు, పందొమ్మిది ప్రయాణాలు.
పన్ను అరగదీస్తే
కొమ్ము కాలిన వాసనే వస్తుంది.
ఆ గదిలో అది తెలిసింది నాకొక్కడికే.

రంగు ఎంచే రోజున కైబల్య
అన్నిటికన్నా తెల్లటి నమూనా నా పెదవి కింద పెట్టి
"హీరో" అన్నాడు.
వద్దన్నాను.
కొమ్ము ఎక్కడా ఒకే రంగుండదు బాబూ,
మొదట్లో పొగ, నడుమ తేనె, కొసన గాజు.
"ఏం పని నీది?" అన్నాడు.
సంచిలోంచి కొంగని తీసి చేతిలో పెట్టాను.
తన గదిలోకి రమ్మన్నాడు.
అక్కడా ఆకురాయే, మెరుగు చక్రమే,
కనుబొమల మీద అదే దుమ్ము.
మూడోసారి కాల్చినప్పుడు
చిగురు దగ్గర కాస్త పొగ కలిపాడు.

చెరుకు మాత్రం కొరకొద్దంది మేడం.
సరే. ముక్కలు కోసుకు తింటాను,
మామూలు మనుషులు ముసలితనంలో తిన్నట్టు.

మొన్న మంగళవారం
మా పిల్ల వాసంతికి కొత్త పన్ను పొడిచింది.
టార్చి వేసి చూశాను.
పసుపు. గరుకు. మాదే.
"నీలాగే ఉందా నాన్నా?" అంది.
నోరు తెరిచి చూపించాను.
టార్చి నా చేతిలోంచి లాక్కుని
ఒక్కొక్క పన్నూ వేలితో తడిమి, లెక్కపెట్టి,
"అబద్ధం" అంది.
ఆ కాగితం ట్రంకుపెట్టెలో ఉంది.
ఒక సున్నా నింపాలి.
రేపు గుణుపూర్ బండి ఎన్నింటికో కనుక్కోవాలి.